బ్యాకప్ మాటిమాటికీ ఎందుకు ఆగిపోతోంది?



ఈ వార్షికోత్సవ సంచిక కోసం పాత గ్రూపు ఫొటోలు సేకరించి మన స్టడీ రూమ్ కంప్యూటర్‌లో భద్రపరిచిన సంగతి మీలో చాలామందికి తెలుసు. రేపల్లె నుంచి, తెనాలి నుంచి, బాపట్ల నుంచి అన్నయ్యలు ఫొటోలు తెచ్చారు. మేము స్కాన్ చేసి, వచ్చినవారికి వచ్చినట్టే తిరిగి ఇచ్చేశాం. ఆ ఫొటోలు, పాత సంచికల పేజీలు, పదో తరగతి ప్రశ్నపత్రాలు, బ్యాచ్‌ల వారీగా పేర్లు, ఫోన్ నంబర్లు అన్నీ ఒకే హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి. ప్రతి ఆదివారం సాయంత్రం ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌కు బ్యాకప్ వెళ్లేలా పెట్టాం కదా అని ధీమాగా ఉన్నాం. ఆ ధీమా ఎలా చెడిందో, చెడ్డాక ఏం తెలుసుకున్నామో ఇక్కడ వివరిస్తున్నాం. మీ ఇంట్లో, ఆఫీసులో, షాపులో ఉన్న కంప్యూటర్‌కు కూడా ఇదంతా వర్తిస్తుంది.

వరుసగా మూడు ఆదివారాలు బ్యాకప్ మధ్యలో ఆగిపోయింది. తెర మీద ఒక ఎర్ర గుర్తు, దాని కింద ఒక సంఖ్య. మేము చేసిన మొదటి పని 'ఓకే' నొక్కి మళ్లీ మొదలుపెట్టడం. రెండో పని సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించడం. మూడోది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్పాలి. ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో చోటు చాలడం లేదేమోనని దాన్ని ఫార్మాట్ చేశాం. అంతకు ముందు నెలలో సక్రమంగా పూర్తయిన బ్యాకప్ అందులోనే ఉంది. జబ్బు ఎక్కడుందో తెలియకుండానే ఉన్న ఒక్క మందు సీసా పగలగొట్టుకున్నామన్నమాట.

తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. ఎందుకో తెలియాలంటే హార్డ్ డిస్క్ ఎలా పని చేస్తుందో కొంచెం తెలియాలి.

డిస్క్ లోపల అద్దం లాంటి పళ్లేలు నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతాయి. వాటికి తగలకుండా, వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎత్తులో, చదివే తల కదులుతుంది. సమాచారం సెక్టార్లు అనే చిన్న చిన్న గళ్లలో ఉంటుంది. పాత డిస్కుల్లో ఒక్కో గడికి 512 బైట్లు, తర్వాత వచ్చినవాటిలో 4,096. ప్రతి గడితోపాటు తప్పు పట్టుకునే లెక్క ఒకటి రాసి ఉంటుంది. చదివినదానికీ లెక్కకూ పొంతన కుదరకపోతే డిస్క్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. చివరకు చేతులెత్తేస్తే అది బ్యాడ్ సెక్టార్.

మనం రోజూ తెరిచే ఫైళ్లు పదో ఇరవయ్యో. నిరుడు స్కాన్ చేసిన ఫొటో పాడైనా దాన్ని తెరిచేదాకా మనకు తెలియదు. బ్యాకప్ అలా కాదు. హార్బర్‌లో వల బాగుచేసేవాళ్లు కన్నూ కన్నూ వేళ్లతో తడిమి చూసినట్టు, అది ప్రతి ఫైలునూ చదవాలి. అందుకే కంప్యూటర్ మామూలుగా పని చేస్తున్నా బ్యాకప్ ఒక్కటే మొరాయిస్తుంది. చాలాసార్లు డిస్క్ చెడిపోతోందని ముందుగా చెప్పేది ఇదే. మేము మూడు వారాలపాటు ఆ మాట వినలేదు.

ఎర్రర్ వస్తే ముందుగా చేయవలసింది కాగితం, కలం తీసుకోవడం. పూర్తి సంఖ్య, ఆగిన సమయం, ఎంత శాతం దగ్గర ఆగింది, ఏ ఫైలు పేరు చూపించింది అన్నీ రాసుకోవాలి. విండోస్‌లో 8007తో మొదలయ్యే సంఖ్యలో చివరి అంకెలు కారణం చెబుతాయి. 80070070 అంటే చోటు లేదు. 80070079 అంటే అవతలి పరికరం సమయానికి జవాబివ్వలేదు, కేబుల్‌నో కరెంటునో అనుమానించాలి. 8007045డి అంటే డిస్క్‌తో ఇచ్చిపుచ్చుకోవడంలోనే లోపం. 80070017 అంటే చదివిన సమాచారం లెక్కకు సరిపోలేదు. మాకు మూడుసార్లూ వచ్చింది చివరిదే. చోటు లేదని ఎవరూ చెప్పలేదు, అయినా మేము ఫార్మాట్ చేశాం!

తర్వాత చూడవలసింది ఆగే చోటు. ప్రతిసారీ ఒకే ఫైలు దగ్గర ఆగితే ఆ ఫైలున్న డిస్క్‌నే ముందు అనుమానించాలి. ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ ఆగితే కేబుల్, యు.ఎస్.బి. పోర్టు, కరెంటు సరఫరా చూడాలి. చిన్న ఎక్స్‌టర్నల్ డిస్క్‌లు యు.ఎస్.బి. నుంచే కరెంటు తీసుకుంటాయి, కాబట్టి సి.పి.యు. ముందున్న పోర్టుకు బదులు వెనక పోర్టుకు పెట్టి చూడండి. సముద్రపు గాలికి మన ఊళ్లో కేబుల్ కొనలు త్వరగా మసకబారతాయి, అదొక అదనపు బెడద. పెద్ద ఫైలు సరిగ్గా 4 జీబీ దగ్గర ఆగుతుంటే డిస్క్ ఫ్యాట్ 32 పద్ధతిలో ఉందేమో చూడాలి. ఆ పద్ధతిలో అంతకు మించిన ఒకే ఫైలు పట్టదు. అది రోగం కాదు, పాత్ర చిన్నది.

విండోస్‌లోనే ఈవెంట్ వ్యూయర్ అని ఒక దినచర్య పుస్తకం ఉంది. అందులో సిస్టమ్ విభాగం తెరిచి, 'డిస్క్' పేరుతో 7వ నంబరు నమోదులు ఉన్నాయేమో చూడండి. బ్యాడ్ బ్లాక్ ఉందని దాని అర్థం. మా కంప్యూటర్‌లో అవి వరుసగా ఉన్నాయి, తొలి ఆదివారం నుంచే. ఇక డిస్క్ తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకునే 'స్మార్ట్' పట్టిక ఉంటుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రాంతో దాన్ని చూడవచ్చు. 05 వరుస అంటే ఇప్పటికే వేరే చోటికి మార్చిన గళ్లు, సి5 అంటే చదవలేక పక్కన పెట్టినవి, సి6 అంటే ఇక సరిచేయలేనివి. ఇవి సున్నా దాటి పెరుగుతుంటే డిస్క్‌ను నమ్మకూడదు. సి7 ఒక్కటే పెరుగుతుంటే ఎక్కువగా కేబుల్ మారిస్తే సరిపోతుంది.

పట్టిక శుభ్రంగా ఉంటే నిశ్చింతగా ఉండవచ్చా అంటే అదీ లేదు. గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్క్‌లను పరిశీలించి 2007లో ఒక పత్రం ప్రచురించారు. తనిఖీలో మొదటి లోపం కనిపించిన డిస్క్, ఆ తర్వాతి 60 రోజుల్లో చెడిపోయే అవకాశం మిగతావాటికంటే 39 రెట్లు ఎక్కువని తేలింది. అయితే చెడిపోయినవాటిలో సగానికి పైగా, ముఖ్యమైన నాలుగు సూచికల్లో ఒక్కటి కూడా చూపించకుండానే పోయాయట.

ఈ దశలో తెనాలిలో కంప్యూటర్ రిపేరు పని చేసే మన పూర్వ విద్యార్థి అన్నయ్యకు ఫోన్ చేశాం. అప్పటికి చెక్‌డిస్క్ కమాండ్‌కు స్లాష్ ఆర్ తగిలించి నడపబోతున్నాం. ఆయన ఒకటే మాట అన్నారు: "ఒరే తమ్ముడూ, ఇంకేం చెయ్యకు. ముందు ఆపెయ్." చెక్‌డిస్క్ డిస్క్ మొత్తాన్నీ ఏకబిగిన చదివిస్తుంది. కొన ఊపిరితో ఉన్న డిస్క్‌కు ఆ శ్రమే చాలు. కాపీ తీసుకున్నాకే మరమ్మతు అన్నది ఆయన పద్ధతి. టిక్కు టిక్కుమని శబ్దం వస్తుంటే వెంటనే ఆపేయాలని కూడా చెప్పారు. డిస్క్‌ను ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందని ఎవరో సలహా ఇచ్చారంటే గట్టిగా నవ్వారు. మన ఉక్కపోతకు బయటికి తీయగానే నీరు పడుతుందన్నారు.

ఆదివారం ఆయనే వచ్చి, లైనక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్‌ను తెరిచి, డి.డి.రెస్క్యూ అనే ప్రోగ్రాంతో కొత్త డిస్క్‌లోకి కాపీ పెట్టారు. అది బాగున్న భాగాలను ముందు తీసేసుకుంటుంది, మొండి గళ్లను గుర్తు పెట్టుకుని చివర్లో మళ్లీ ప్రయత్నిస్తుంది. కరెంటు పోతే పని చెడకుండా ఆ రోజుకు యు.పి.ఎస్. అరువు తెచ్చాం. మర్నాటి తెల్లవారుజామున అయిపోయింది. దాదాపు అన్నీ వచ్చాయి.

ఇప్పుడు మూడు ప్రతులు ఉంచుతున్నాం. ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో, మూడోది తెనాలిలో అన్నయ్య దగ్గర. ఊరు దాటించడం ఎందుకని కొందరు అడిగారు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి రోజున పక్కపక్కన ఉన్న రెండు డిస్క్‌లూ ఒకే నీళ్లలో తడుస్తాయి. 1606లోనే మన నిజాంపట్నంలో వర్తకస్థావరం పెట్టిన డచ్చివారు ఈ ఊరిని పెటపోలి అని రాసుకున్నారు. తూర్పు దేశాల నుంచి వాళ్లు స్వదేశానికి పంపుకున్న ఉత్తరాలు, నకళ్లు ఈనాటికీ ద హేగ్ నగరంలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. 400 ఏళ్ల నాటి మన ఊరి కబుర్లు దొరుకుతాయి కానీ, మన హాస్టల్ ఫొటో దొరకడం లేదు!

నెలకొకసారి బ్యాకప్‌లోంచి ఏవైనా ఐదు ఫైళ్లు వెనక్కి తీసి తెరిచి చూస్తున్నాం. పాత సంచికల పేజ్‌మేకర్ ఫైళ్లు ఇలా చూసినప్పుడే ఇంకొకటి తెలిసింది. ఫైలు క్షేమంగానే ఉంది, కానీ అను ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెలుగంతా పిచ్చి గీతలైపోయింది. అందుకని ప్రతి సంచికనూ పి.డి.ఎఫ్.గా కూడా దాచాం.

చివరగా అన్నయ్యలకు ఒక మనవి. డిస్క్ నుంచి రెండు ఫైళ్లు అసలు రాలేదు, ఒక గ్రూపు ఫొటో సగమే వచ్చింది. ఇలాంటి ఫొటో ఫైలు పై నుంచి కిందికి తెరుచుకుంటుంది, మధ్యలో గడి పోతే ఆ కిందదంతా బూడిద రంగే. వంటశాల గోడ ముందు నిలబడ్డ రెండు వరుసలూ ఉన్నాయి. నేల మీద కూర్చున్న వరుస లేదు. అందులో ఎడమ నుంచి మూడో అబ్బాయి, ఇప్పుడు మనతో తొమ్మిదో తరగతి చదువుతున్న తమ్ముడి నాన్న. వేటకు వెళ్లి తిరిగి రాలేదు. ఆయన చిన్నప్పటి ఫొటో వాళ్ల ఇంట్లో వేరే లేదు. ఫొటో తెచ్చిన అన్నయ్యను అడిగితే, కంప్యూటర్‌లో ఎక్కించారు కదా అని ఇల్లు మారేటప్పుడు ప్రింటు సంగతి పట్టించుకోలేదన్నారు. వెనక రాసి ఉన్న సంవత్సరాన్ని మేము స్కాన్ చేయలేదు, కాబట్టి ఏ బ్యాచో కూడా చెప్పలేకపోతున్నాం. వంటశాల గోడకు అప్పటికింకా సున్నం వేయలేదు, కుడి పక్కన సైకిలు ఆనించి ఉంది. ఆ ప్రింటు మీలో ఎవరి దగ్గరున్నా వార్షికోత్సవం రోజున దయచేసి తీసుకురాగలరు. రెండు వైపులా స్కాన్ చేసి, మూడు చోట్లా తెరిచి చూసుకున్నాకే మీ చేతికి తిరిగి ఇస్తాం.

– సంచిక కమిటీ విద్యార్థులు