పారాసెటమాల్ వలన కలిగే కాలేయ హాని

పారాసెటమాల్ జ్వరానికీ, నొప్పులకూ విరివిగా వాడే ఔషధం. తగిన మోతాదులో ఇది సురక్షితమైనదే. మోతాదు మించితే కాలేయ కణాలను దెబ్బతీసి, శరీరంలోని శక్తి జీవక్రియను అస్తవ్యస్తం చేస్తుంది. ఈ హానిని గురించి 1966లో బ్రిటన్ వైద్యులు వైద్యపత్రికలో ప్రకటించారు.

కాలేయం - శక్తి సరఫరా

భోజనం తరువాత రక్తంలో చేరిన గ్లూకోజులో కొంత భాగాన్ని కాలేయం గ్లైకోజన్ రూపంలో నిల్వ చేస్తుంది. ఉపవాస సమయంలో ఆ నిల్వను గ్లూకోజుగా మార్చి రక్తంలోకి విడుదల చేస్తుంది. నిల్వ తరిగినకొద్దీ లాక్టేటు, అమైనో ఆమ్లాలు, గ్లిసరాల్ నుండి కొత్తగా గ్లూకోజును తయారు చేస్తుంది. ఈ తయారీకి ఏటీపీ అనే శక్తి అణువు అవసరం. 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అదే కాలంలో అమెరికాలో విడిగా సైరస్ ఫిస్కే, ఎల్లాప్రగడ సుబ్బారావు ఏటీపీని కనుగొన్నారు. కాలేయ కణాలలో ఏటీపీ అధిక భాగం మైటోకాండ్రియాలలోనే తయారవుతుంది.

హాని జరిగే విధానం

మ్రింగిన మందులో అధిక భాగాన్ని కాలేయం నిరపాయకరమైన పదార్థాలుగా మార్చగా, అవి మూత్రం ద్వారా బయటకు పోతాయి. కొద్ది భాగం మాత్రం ఎన్.ఏ.పి.క్యు.ఐ. అనే విషపదార్థంగా మారుతుంది. కణాలలోని గ్లూటాథయోన్ దీనిని వెంటనే నిర్వీర్యం చేస్తుంది. మోతాదు మించినపుడు గ్లూటాథయోన్ అడుగంటుతుంది. అపుడు మిగిలిన విషం మైటోకాండ్రియాల ప్రోటీనులకు అంటుకుంటుంది. ఏటీపీ తయారీ కుంటుపడి, చివరకు కణాలు మరణిస్తాయి.

జీవక్రియపై ప్రభావం

హాని తీవ్రమైనపుడు ఈ క్రింది మార్పులు కనిపిస్తాయి.

* గ్లూకోజు తగ్గుట: గ్లైకోజన్ తరిగిపోయి, కొత్త గ్లూకోజు తయారుకాక రక్తంలో చక్కెర పడిపోతుంది. ప్రధానంగా గ్లూకోజుపై ఆధారపడే మెదడుకు ఇది ప్రమాదకరం.
* లాక్టేటు పెరుగుట: కాలేయం లాక్టేటును వినియోగించుకోలేక పోవడంతో రక్తంలో ఆమ్లత్వం పెరుగుతుంది.
* అమ్మోనియా పెరుగుట: అమ్మోనియాను యూరియాగా మార్చడానికి కూడా ఏటీపీ కావాలి. ఆ పని ఆగితే రోగికి మతి తప్పి, అపస్మారక స్థితి కలుగవచ్చు.

చికిత్స, జాగ్రత్తలు

మొదటి 24 గంటలలో వికారం, వాంతులు తప్ప వేరే లక్షణాలు కనబడకపోవచ్చు. ఒక్కొక్కసారి అవి కూడా ఉండవు. కాలేయ హాని 3-4 రోజులకు తీవ్రస్థాయికి చేరుతుంది. కాని విరుగుడైన ఎసిటైల్‌సిస్టీన్ మొదటి 8 గంటలలో ఇచ్చినపుడే అత్యుత్తమంగా పనిచేస్తుంది. ఇది గ్లూటాథయోన్‌ను తిరిగి సమకూరుస్తుంది. కనుక మోతాదు మించిందని తెలిసిన వెంటనే, లక్షణాల కొరకు వేచియుండక, రోగిని ఆసుపత్రికి చేర్చాలి. రక్తంలో చక్కెర తగ్గినవారికి అక్కడ సిర ద్వారా గ్లూకోజు ఎక్కిస్తారు.

ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు గరిష్ఠ పరిమితి 4 గ్రాములు, అనగా 500 మిల్లీగ్రాముల మాత్రలు 8. మద్యపానం అధికంగా చేసేవారికి, పోషకాహార లోపం గలవారికి ఇంకా తక్కువ మోతాదు అవసరం. జలుబు మందులు అనేకం పారాసెటమాల్‌తో కూడినవే. వాటితోపాటు జ్వరం మాత్రలు కూడా వేసుకొంటే తెలియకుండానే మోతాదు మించవచ్చు.