గుండెగోడలోని రంధ్రము: ధ్వనిచిత్రము

మానవహృదయమునకు నాలుగు గదులు, నాలుగు కవాటములు కలవు. కుడియెడమలను వేరుచేయు గోడ గర్భమునందు పూర్తిగా ఏర్పడనిచో రంధ్రము మిగిలిపోవును. ఎడమవైపు ఒత్తిడి హెచ్చగుటచే శుద్ధరక్తము ఆ రంధ్రముగుండ కుడివైపునకు మరలి ఊపిరితిత్తులకు భారమగును.

స్టెతస్కోపునకు వినవచ్చు మర్మరధ్వనినిబట్టి మాత్రమే రంధ్రపరిమాణమును నిర్ణయింపరాదు. క్రిందిగదుల నడుమనున్న సన్నని రంధ్రము బిగ్గరగా మ్రోయును. విశాలరంధ్రము ఒక్కొక్కప్పుడు మెల్లగనే పలుకును. చెవికి అందని ఈ భేదమును కంటికి చూపునదే ఎకో పరీక్ష.

1953లో స్వీడనుదేశమున లుండ్ నగరమందు ఎడ్లర్, హెర్ట్స్ అనువారు లోహములలోని పగుళ్లను కనిపెట్టు యంత్రముతో హృదయచలనమును నమోదుచేసిరి. మనకు వినబడని ధ్వనితరంగములు హృదయమును తాకి మరలివచ్చుటయే దీని మూలసూత్రము.

నేటి యంత్రములు రంధ్రము కొలతనేగాక రక్తప్రవాహమును కూడ రంగులలో చూపును. సాధారణముగా సాధనమువైపు వచ్చునది ఎరుపు, దూరమగునది నీలము. ఇవి రక్తశుద్ధిని గాక దిశను తెలుపును. కవాటము ఇరుకైనచో రక్తవేగము హెచ్చును. ఆ వేగము సెకనుకు 4 మీటర్లైనచో, దాని వర్గమును 4చే గుణింపగా 64 మిల్లీమీటర్ల పాదరసమంత ఒత్తిడిభేదము తేలును.

చిన్నరంధ్రములు పెక్కు తమంతట పూడిపోవును. పెద్దవానిని ఉపేక్షించినచో ఊపిరితిత్తుల నాళములు గట్టిపడి, ప్రవాహము ఎదురుతిరిగి, శరీరము నీలివర్ణమగును. అప్పుడు రంధ్రమును మూయుట ప్రాణాపాయకరము. కావున పాలుత్రాగుచు చెమర్చి ఆయాసపడు శిశువును, బరువు పెరగని బిడ్డను జాప్యము లేక వైద్యునకు చూపి, అవసరమైనచో ఈ పరీక్ష చేయింపవలెను.