గడియారం గంట జరిగితే నమాజు వేళ జరుగుతుందా?

2025 రమజాన్ మాసం, మార్చి 9, ఆదివారం. మా మద్రసాలో చదువుకొని, ఉద్యోగరీత్యా అమెరికాలోని న్యూజెర్సీలో స్థిరపడిన ఒక పూర్వ విద్యార్థి మాకు ఫోను చేశాడు. కంఠంలో ఆందోళన స్పష్టంగా వినిపిస్తున్నది.

కర్నూలులో ఉంటున్న అతని తల్లి రమజాన్ ఆరంభం నుంచీ ప్రతిరోజూ మధ్యాహ్నం జుహ్ర్ నమాజు ముగించుకొని, 2.45కు ఫోను చేసి కొడుకునూ కోడలినీ సహరీకి లేపుతున్నది. అప్పుడు అక్కడ తెల్లవారుజామున 4.15. ఫజ్ర్ వేళ ప్రవేశించడానికి మరో ముప్పావు గంట ఉంటుంది. ఆదివారం కూడా ఆమె అదే సమయానికి ఫోను చేసింది. వంటగది గోడ గడియారం ఎప్పటిలాగే 4.15 చూపుతున్నది. పక్కనే అంటించిన మస్జిద్ వేళల పట్టికలో మాత్రం ఆ రోజు ఫజ్ర్ దాదాపు 6 గంటలకని ఉన్నది. "ఇంకా చాలా సమయముంది అమ్మీ, ఒక గంట పడుకొని లేస్తాము" అన్నాడు కొడుకు. "నిన్న ఈపాటికి అన్నం ముందు కూర్చున్నారు గదా నాయనా, ఒక్క రాత్రిలో ఇంత తేడా ఎక్కడి నుంచి వచ్చింది?" అని ఆమె ఆశ్చర్యపోయింది.

గోడ గడియారం 5.15 చూపినప్పుడు దంపతులు లేచి భోజనం చేశారు. తిన్న తరువాత ఫోను చేతిలోకి తీసుకుంటే అందులో 6.40. కిటికీ అవతల తెల్లవారిపోయింది! ఆ రాత్రి 2 గంటలకు అమెరికాలో గడియారాలు ఒక గంట ముందుకు జరిగాయి. పట్టిక కొత్త కాలమానంలో ఉంది, గోడ గడియారం పాత కాలమానంలోనే ఉండిపోయింది. "మా ఉపవాసం నెరవేరినట్టేనా?" అన్నది అతని ప్రశ్న.

హనఫీ ఫిఖ్హ్ ప్రకారం, రాత్రి ఇంకా మిగిలి ఉన్నదని నమ్మి తిన్నవారికి, అప్పటికే తెల్లవారిందని తరువాత తెలిస్తే, ఆ రోజంతా ఉపవాసిలాగే గడపాలి. రమజాన్ తరువాత ఆ ఒక్క రోజుకు ఖజా పాటించాలి. కఫ్ఫారా ఉండదు. తెలియక జరిగిన పొరపాటును అల్లాహ్ మన్నిస్తాడని ఆశించాలి. మేము ఇదే చెప్పాము. అతని మనసు కుదుటపడింది. కాని ఆ తల్లి వేసిన ప్రశ్న మాత్రం మమ్మల్ని వదలలేదు. మన దేశంలో గడియారం మారదు కనుక ఆమె ఫోను ఆ రోజు కూడా సరైన ఘడియకే చేరింది. ఆమె లెక్క సూర్యునితో కలిసే ఉన్నది. తప్పింది వంటగది గోడ మీది లెక్క.

ఈ ఏర్పాటు ఎలా వచ్చింది?

భూమధ్యరేఖకు దూరంగా ఉన్న దేశాలలో వేసవి పగలుకూ శీతకాలపు పగలుకూ చాలా వ్యత్యాసం ఉంటుంది. లండన్‌లో జూన్ మాసంలో పగలు పదహారున్నర గంటలకు పైగా ఉంటే డిసెంబరులో ఎనిమిది గంటలైనా ఉండదు. హైదరాబాదులో ఆ తేడా సుమారు రెండు గంటలు మాత్రమే. వేసవిలో జనం నిద్ర లేవకముందే వృథా అవుతున్న వెలుగును సాయంత్రానికి మళ్ళించాలన్న ఆలోచన నుంచి ఈ గడియారం మార్పు పుట్టింది. 1895లో న్యూజిలాండ్‌కు చెందిన జార్జ్ హడ్సన్, 1907లో బ్రిటన్‌కు చెందిన విలియం విలెట్ దీనిని ప్రతిపాదించారు. అమలులోకి తెచ్చింది యుద్ధం. బొగ్గును పొదుపు చేయడానికి జర్మనీ, దాని మిత్రదేశం ఆస్ట్రియా-హంగేరీ 1916 ఏప్రిల్ 30న గడియారాలను ముందుకు జరిపాయి. కొద్ది వారాలలోనే బ్రిటన్, 1918లో అమెరికా అదే బాట పట్టాయి. నేడు అమెరికాలో మార్చి రెండవ ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం వరకు, ఐరోపాలో మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం వరకు వేసవి కాలమానం నడుస్తున్నది.

మన దేశానికి కూడా ఇది పూర్తిగా కొత్త కాదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు 15 వరకు భారత గడియారాలు ఒక గంట ముందుకు నడిచాయి. తరువాత మనం మళ్ళీ పాత కాలమానానికే వచ్చాము. కాకినాడ సమీపం గుండా పోయే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశమే దానికి ఆధారం.

సూర్యుని లెక్క, మనిషి లెక్క

నమాజు విశ్వాసులకు నిర్ణీత వేళలతో విధించబడినదని దివ్య ఖుర్ఆన్ అన్నిసా సూరాలో తెలుపుతున్నది. ఆ వేళలను జిబ్రీల్ (అలైహిస్సలాం) దైవప్రవక్త (స)కు రెండు రోజుల పాటు నమాజు చేయించి నేర్పిన వృత్తాంతం హదీసు గ్రంథాలలో ఉన్నది. అందులో గంటలూ నిమిషాలూ లేవు. తూర్పున పరచుకొనే వెలుగు, సూర్యుడు నడినెత్తి నుంచి వాలడం, వస్తువు నీడ పొడవు, అస్తమయం, పడమటి ఎరుపు మాయం కావడం - ఇవే అక్కడి కొలతలు.

ఈ కొలతలను లెక్కించడం ఒకప్పుడు మస్జిద్‌లలో గౌరవప్రదమైన వృత్తి. ఆ బాధ్యత వహించినవారిని మువఖ్ఖిత్ అనేవారు. డమాస్కస్ ఉమయ్యద్ మస్జిద్‌లో మువఖ్ఖిత్‌గా ఉన్న ఇబ్ను షాతిర్ గొప్ప ఖగోళవేత్త. 14వ శతాబ్దంలో ఆయన ఆ మస్జిద్ మినారు మీద ఒక అద్భుతమైన నీడ గడియారాన్ని అమర్చారు. ఉస్మానీ సామ్రాజ్యంలో యంత్ర గడియారాలు వచ్చిన తరువాత కూడా సూర్యాస్తమయాన్ని 12 గంటలుగా ఉంచి రోజును లెక్కించే పద్ధతి చాలా కాలం కొనసాగింది. ఆ గడియారాలను తరచు సరిచేసుకోవలసి వచ్చేది. అంటే గడియారమే సూర్యుని అనుసరించేది. నేటి గడియారం ప్రభుత్వాన్ని అనుసరిస్తుంది. ఇందులో ధర్మవిరుద్ధమైనది ఏమీ లేదు. రైళ్ళూ కార్యాలయాలూ పాఠశాలలూ నడవాలంటే అందరూ ఒప్పుకొన్న ఒక లెక్క ఉండాలి. అయితే ఏ లెక్క దేనికి చెందినదో మరిస్తే న్యూజెర్సీ వంటగదిలో జరిగినదే జరుగుతుంది.

నమాజీకి ఎదురయ్యే చిక్కు

గడియారం మారితే నమాజు మారదు కదా, ఇబ్బంది ఏమిటని కొందరు అంటారు. నమాజు మారదు. నమాజీ చుట్టూ ఉన్న ఉద్యోగం, బడి, భోజన విరామం మారుతాయి. ఇబ్బంది అక్కడే.

న్యూయార్క్ ప్రాంతాన్నే తీసుకుందాం. మార్చి ఆరంభంలో సూర్యుడు మధ్యాహ్నం 12 దాటిన కొద్ది నిమిషాలకు నడినెత్తికి వస్తాడు. 12.30కు జుహ్ర్ చేసుకొని, ఒంటిగంటకు ఉద్యోగి తన బల్ల దగ్గరకు చేరగలడు. గడియారం ముందుకు జరిగిన మరునాటి నుంచి సూర్యుడు ఒంటిగంట దాటితే తప్ప వాలడు. పాత అలవాటు చొప్పున 12.30కు చేస్తే అది వేళకు ముందు చేసిన నమాజు అవుతుంది, నెరవేరదు. భోజన విరామం మాత్రం 12 నుంచి 1 వరకే ఉంటుంది. అతను మళ్ళీ పై అధికారి వద్దకు వెళ్ళి అనుమతి అడగాలి.

నవంబరులో ఇందుకు భిన్నమైన చిక్కు. శనివారం 5.50 ప్రాంతంలో అస్తమించిన సూర్యుడు ఆదివారం గడియారం ప్రకారం 4.50కే అస్తమిస్తాడు. ఇంటికి వచ్చి చేసుకొనే మగ్రిబ్ ఒక్కసారిగా పని వేళలోకి వచ్చి పడుతుంది. దాని వ్యవధి తక్కువ కనుక, ఇంటికి చేరేదాకా ఆగితే తప్పిపోయే ప్రమాదం ఉన్నది. ఏడాదిలో రెండుసార్లు ఈ సర్దుబాటు చేసుకోలేక కొందరు యువకులు నమాజుకే దూరమవుతున్నారు.

ముస్లిం దేశాల అనుభవం

మొరాకో 2018 అక్టోబరులో ఒక గంట ముందున్న కాలమానాన్ని ఏడాది పొడవునా ఉంచాలని నిర్ణయించింది. చీకటిలో బడికి వెళ్ళవలసి వస్తున్నదని విద్యార్థులు వీధులలోకి వచ్చి నిరసన తెలిపారు. అయితే రమజాన్ మాసంలో మాత్రం అక్కడ గడియారాన్ని ఒక గంట వెనక్కి తీసుకువస్తారు. ఈజిప్టు 2011లో వేసవి కాలమానాన్ని రద్దు చేసి, విద్యుత్ కొరత వల్ల 2014లో మళ్ళీ తెచ్చింది. ఆ ఏడాది కూడా రమజాన్ వరకు దానిని నిలిపివేసింది. 2023లో మరల ప్రవేశపెట్టింది. ఇలా వెనక్కి తేవడం వల్ల గడియారంలో ఇఫ్తార్ ఒక గంట ముందుగా వస్తుంది. ఉపవాసం నిడివి మాత్రం ఒక్క నిమిషం కూడా తగ్గదు. అల్లాహ్ నిర్ణయించిన పగలును ఏ మంత్రివర్గమూ కుదించలేదు.

లెబనాన్‌లో జరిగిన ఘటన మనందరికీ గుణపాఠం. 2023 మార్చి 23న అక్కడ రమజాన్ మొదలైంది. అదే రోజు ఆపద్ధర్మ ప్రధాని నజీబ్ మికాతీ వేసవి కాలమానాన్ని ఏప్రిల్ 21 దాకా వాయిదా వేస్తున్నట్టు ప్రకటించారు. గడియారాలు మారవలసిన రాత్రికి మిగిలినవి రెండు రోజులే. మారోనైట్ క్రైస్తవ చర్చి ఆ నిర్ణయాన్ని పాటించబోనన్నది. కొన్ని టీవీ చానళ్ళు, పాఠశాలలు, సంస్థలు కూడా అదే దారి పట్టాయి. ఒకే నగరంలో, ఒకే వీధిలో రెండు సమయాలు! ముస్లిం సమయం, క్రైస్తవ సమయం అని జనం చెప్పుకొనే స్థితి వచ్చింది. చివరకు మార్చి 27న మంత్రివర్గం వెనక్కి తగ్గింది. 29 రాత్రి గడియారాలు ముందుకు జరిగాయి.

దీని నుంచి మనం ఏమి గ్రహించాలి? ఇఫ్తార్ 6కు వచ్చినా 7కు వచ్చినా ఉపవాసికి దక్కే పుణ్యం ఒకటే. ఆ ఒక్క అంకె కోసం, ఇరుగుపొరుగును సంప్రదించకుండా తీసుకున్న నిర్ణయం దేశాన్ని నాలుగు రోజుల పాటు మతాలవారీగా చీల్చింది. గడియారం ఒక సామాజిక ఒప్పందం. ఒప్పందాలను నెరవేర్చమన్నది దైవాజ్ఞ. మన సౌకర్యం కోసం ఒప్పందాన్ని ఏకపక్షంగా మార్చడం రమజాన్ నేర్పే సహనానికి తగిన పని కాదు.

చర్చలో మన మాట

ఈ మార్పును మానుకోవాలన్న వాదం బలపడుతున్నది. 2019 మార్చి 26న ఐరోపా పార్లమెంటు 410-192 ఓట్లతో రద్దును సమర్థించింది. సభ్యదేశాలు ఏకాభిప్రాయానికి రాక అది ఆగిపోయింది. 2022లో అమెరికా సెనేట్ వేసవి కాలమానాన్నే శాశ్వతం చేసే బిల్లును ఆమోదించింది. ప్రతినిధుల సభ దానిని చేపట్టలేదు. 1974 జనవరిలో అమెరికా ఈ ప్రయోగం చేసి చూసింది. పిల్లలు చీకటిలో బడికి వెళ్ళవలసి రావడంతో ప్రజలు వ్యతిరేకించారు. అదే ఏడాది అక్టోబరులో విరమించుకున్నది. విద్యుత్ ఆదా అన్న వాదం కూడా బలహీనపడింది. 2006లో ఇండియానా రాష్ట్రమంతటా ఈ మార్పు అమలైనప్పుడు ఇళ్ళలో విద్యుత్ వాడకం సుమారు 1 శాతం పెరిగిందని ఆర్థికవేత్తలు తేల్చారు. నిద్ర వైద్య నిపుణుల అమెరికన్ సంస్థ ప్రామాణిక కాలమానాన్నే శాశ్వతంగా ఉంచమంటున్నది.

ముస్లిం కుటుంబానికి ఏది మేలు? వేసవి కాలమానం శాశ్వతమైతే న్యూయార్క్‌లో జనవరిలో సూర్యోదయం 8.20 ప్రాంతంలో అవుతుంది. ఫజ్ర్‌కు లేవడం తేలిక, పిల్లల బడి ప్రయాణం కష్టం. ప్రామాణిక కాలమానం శాశ్వతమైతే జూన్‌లో ఇషా వేళ 10 దాటాక కాకుండా 9 దాటాక ప్రవేశిస్తుంది, జుహ్ర్ భోజన విరామంలోకి వస్తుంది. కాని ఫజ్ర్ 3 గంటలకు ముందే మొదలవుతుంది. దేని లాభం దానిదే, దేని కష్టం దానిదే. మాకు రెండవదే మేలనిపిస్తున్నది. పిల్లలు ఇషా చేసుకొని సకాలంలో నిద్రించగలరు. అయితే ఇది ధర్మశాసనం కాదు, లాభనష్టాలు తూచి చెప్పిన అభిప్రాయం మాత్రమే. అక్కడ నివసించే సోదరులు ఈ చర్చలో పౌరులుగా పాల్గొనాలి. తమ ఇబ్బందిని సౌమ్యంగా, స్పష్టంగా వినిపించాలి.

అప్పటిదాకా కొన్ని జాగ్రత్తలు అవసరం. గడియారం మారే రోజును ఇంట్లో ముందుగానే రాసి పెట్టుకోండి. ఆ రాత్రి పడుకొనేముందు గోడ గడియారాలన్నీ సరిచేయండి. మస్జిద్ బాధ్యులు అంతకుముందు జుమాలోనే ప్రకటన చేయాలి. ఇక్కడున్న తల్లిదండ్రులు కూడా న్యూయార్క్‌కూ మనకూ మధ్య శీతకాలంలో పదిన్నర గంటల తేడా, వేసవిలో తొమ్మిదిన్నర గంటల తేడా అని గుర్తుంచుకోవాలి. పిల్లలకు నమాజు వేళలను అంకెలుగా మాత్రమే నేర్పకండి. ఒక సాయంత్రం మిద్దె మీదికి తీసుకువెళ్ళి అస్తమయాన్ని చూపించండి. ఒక మధ్యాహ్నం కర్ర నిలబెట్టి నీడ ఎటు తిరుగుతుందో చూపించండి. మా విద్యార్థులకు మేము ఏటా ఈ పాఠం చెబుతూనే ఉన్నాము. న్యూజెర్సీ వెళ్ళిన ఆ ఒక్కడు అప్పుడు సరిగా విన్నట్టు లేదు!

అతను రమజాన్ తరువాత ఆ ఖజా ఉపవాసాన్ని పూర్తి చేశాడు. ఆ రోజు కూడా సహరీకి లేపింది తల్లే. ఈసారి ఆమె "లేవండి" అనగానే లేచాడట. అల్లాహ్ మనందరికీ వేళను గుర్తించే వివేకాన్నీ, వేళకు నిలబడే భాగ్యాన్నీ ప్రసాదించుగాక! ఆమీన్.