ఎదోము ఎముకలు - మయన్మార్ ప్రజల హక్కులు

ఒక ప్రభుత్వము తన ప్రజలను హింసిస్తున్నప్పుడు ఇతరులు ప్రశ్నించవచ్చునా? అది ఆ దేశపు సొంత వ్యవహారము కాదా? ఈ ప్రశ్నను మయన్మార్ (బర్మా) చరిత్రను, ఆమోసు గ్రంథమును దృష్టిలో ఉంచుకొని పరిశీలిద్దాము.

1. ప్రపంచ దేశముల ఆందోళన

బర్మా 1948 జనవరిలో స్వతంత్ర దేశమైంది. అదే సంవత్సరము డిసెంబరు 10న ఐక్యరాజ్య సమితిలో మానవ హక్కుల సార్వత్రిక ప్రకటనకు అనుకూలముగా ఓటు వేసింది. కాబట్టి ఈ హక్కులు బయటివారు రుద్దినవి కావు. ఆ దేశము తానే ఒప్పుకొన్నవి. అయితే 1962లో సైన్యము అధికారమును చేజిక్కించుకొంది. 1988లో ప్రజా ఉద్యమమును తుపాకులతో అణచివేసింది. 1990 ఎన్నికలలో గెలిచినవారికి అధికారము అప్పగించలేదు. 2021 ఫిబ్రవరి 1న సైన్యము మరల తిరుగుబాటు చేయగా, జూన్ 18న సమితి సర్వప్రతినిధి సభలో 119 దేశములు దానిని ఖండించే తీర్మానమును బలపరచాయి. 36 దేశములు తటస్థముగా ఉండిపోయాయి. వాటిలో మన దేశము ఒకటి.

2. మన ఆందోళనకు గల హద్దులు

బర్మా సంఘములతో మనకు పాత బంధుత్వమున్నది. 1813లో రంగూను చేరిన జడ్సన్ దొరగారిని పోషించిన అమెరికన్ బాప్టిస్టు మిషనే 1836లో శామ్యూల్ డే దొరగారిని తెలుగువారి మధ్యకు పంపింది. 2021లో చిన్ రాష్ట్రములోని థాంట్లాంగ్‌లో ఇండ్లు తగులబడుతుండగా, మంటలార్పుటకు వెళ్లిన ఒక బాప్టిస్టు కాపరిని కాల్చి చంపారు. ఆ వార్త విని మేము కన్నీటితో ప్రార్థించాము. కాని 2017లో రఖైన్ రాష్ట్రము నుండి 7 లక్షలకు పైగా రొహింగ్యా ముస్లిములు బంగ్లాదేశ్‌కు పారిపోయినప్పుడు మా ప్రసంగ పీఠము మౌనముగా ఉంది. దీనిని మేము ఒప్పుకొనక తప్పదు.

ఈ మౌనము మనది మాత్రమే కాదు. 1991లో నోబెల్ శాంతి బహుమతి పొందిన ఆంగ్ సాన్ సూకీ, 2019 డిసెంబరులో ది హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానమునకు వెళ్లి, గాంబియా వేసిన దావాలో తన దేశము పక్షముగా వాదించారు. రొహింగ్యాలను కాపాడవలెనని 2020 జనవరి 23న న్యాయమూర్తులు ఏకగ్రీవముగా ఆదేశించారు. మరుసటి సంవత్సరమే ఆ సైన్యము ఆమెనూ నిర్బంధించింది.

3. ఆమోసు చూపిన మార్గము

ఆమోసు మొదటి రెండు అధ్యాయములలో దేవుడు పొరుగు జనములకు తీర్పు తీరుస్తున్నాడు. దమస్కు, అమ్మోను చేసిన నేరములు గిలాదు మీద, అనగా ఇశ్రాయేలీయుల మీద చేసినవి. మోయాబు నేరము అటువంటిది కాదు. అది ఎదోము రాజు ఎముకలను కాల్చివేసింది. ఎదోము నిబంధన జనము కాదు. పైగా అంతకు ముందే దోషిగా తీర్పు పొందినది. అయినను దానికి జరిగిన అన్యాయమును దేవుడు లెక్కించాడు. ఆ తరువాత యూదా, ఇశ్రాయేలుల వైపు తిరిగాడు.

కాబట్టి బాధితుడు మనవాడా అని సంఘము మొదట అడుగరాదు. 2010 తరువాతి సంవత్సరములలో హైదరాబాదు బాలాపూర్ ప్రాంతమునకు అనేక రొహింగ్యా కుటుంబములు వచ్చి చేరాయి. చిన్ సహోదరుల కొరకు ప్రార్థించే కాపరి అదే ప్రార్థనలో వీరిని కూడ జ్ఞాపకము చేసుకొననియెడల, ఆమోసు గ్రంథమును సగమే చదివినవాడగును.