సముద్రం వేళ చూసుకుని నడవండి

ఇంగ్లండ్ వెళ్ళినవాళ్ళు చాలామంది లండన్ చూసి వచ్చేస్తారు. నాకు మాత్రం యార్క్‌షైర్ తీరంలోని రాబిన్ హుడ్స్ బే అనే పల్లె తెగ నచ్చింది. కారు పైనే ఆపి, నిటారు వీధి వెంట సముద్రం దాకా దిగాలి. 1881 జనవరిలో ఇక్కడ ఓడ మునిగితే, విట్బీ నుంచి రక్షణ పడవను మంచులో ఆరు మైళ్ళు లాక్కొచ్చి ఓడవాళ్ళను కాపాడారు!

సముద్రం వెనక్కి తగ్గినప్పుడు ఒడ్డు వెంటే బాగుల్ హోల్ దాకా నడవొచ్చు. దారిలో శిలాజాలూ కనిపిస్తాయి. అయితే పోటెక్కిందంటే కొండ చరియకీ నీళ్ళకీ మధ్య చిక్కుకుపోతారు. పిల్లలతో వెళ్ళేవాళ్ళు ముందే ఆటుపోట్ల వేళలు కనుక్కోండి. అనుమానంగా ఉంటే కొండమీది కాలిబాటే పట్టండి. చూపు నిండా సముద్రమే, భయమూ ఉండదు. అయితే అంచుకి మాత్రం దూరంగా నడవాలి సుమా!