‘పునరుజ్జీవనం’ అనే మాట

మా గౌడవెల్లికి అప్పుడప్పుడు వచ్చిపోయే యువ కథకుడొకడున్నాడు. ఎం.ఏ. తెలుగు చదువుతున్నాడు. మూసీ ఒడ్డున ఇళ్లు పోయినవాళ్ల మీద తాను రాసిన కథను మా ఇంటి అరుగు మీద కూర్చుని చదివి వినిపించాడు. కథలో ఒక ముసలమ్మ వుంది, పొక్లెయిను వుంది, కారు దిగని నాయకుడొకడున్నాడు. కన్నీళ్లు కావలసినన్ని వున్నాయి. అబద్ధమనడానికి ఏమీ లేదు. అయినా ఏదో వెలితి. “ఆ గోడ మీద ఎర్ర రంగుతో గుర్తు వేసిన కుర్రవాడెవడు? ఏ కాగితం చూసి వేశాడు?” అని అడిగాను. “అది టౌన్ ప్లానింగ్ సంగతి కదా సార్, మనకెందుకు?” అన్నాడు.

ఆ రోజు సరిగా చెప్పలేకపోయాను. అతనికి చెప్పవలసినదే ఇక్కడ రాస్తున్నాను.

నగర ప్రణాళిక అంటే ఇంజనీర్ల లెక్కలనీ, రచయితకు దానితో పని లేదనీ మనలో చాలామందికి ఒక అభిప్రాయం వుంది. కానీ ప్రణాళిక ముందుగా మాటలతో పని చేస్తుంది. ‘మురికివాడ’ అన్నాక అక్కడ వుండేది ఇళ్లు కావు. ‘ఆక్రమణ’ అన్నాక అక్కడ వుండేవాడు పౌరుడు కాడు. ఇప్పుడు వాడుకలోకి వచ్చిన పెద్ద మాట ‘పునరుజ్జీవనం’. చనిపోయినదానికే కదా మళ్లీ ప్రాణం పోయవలసింది! వేల కుటుంబాలు వండుకు తింటున్న చోటును చచ్చిన చోటుగా ముందే తీర్మానించడం ఆ మాటలోనే వుంది.

ఈ మాట వెనక వున్న పనికి నూట డెబ్బయి ఏళ్ల చరిత్ర వుంది. 1853 నుంచి 1870 వరకు పారిస్ నగరాన్ని ఓస్మన్ అనే పాలనాధికారి నిలువునా చీల్చి వెడల్పాటి వీధులు వేశాడు. ఎంగెల్స్ 1872లో ఇళ్ల సమస్య మీద రాసిన వ్యాసాలలో ఈ పద్ధతికి ‘ఓస్మన్’ అనే పేరే పెట్టి విప్పి చూపాడు. ఇరుకు సందులు ఒకచోట మాయమవుతాయి. వాటిని పుట్టించిన ఆర్థిక అవసరం అలాగే వుంటుంది గనుక మరోచోట లేస్తాయి. బూర్జువా వర్గం ఇళ్ల సమస్యను తీర్చదు, చోటు మారుస్తుందన్నది ఆయన వాదనకు సారం. పరిశోధన ఎంత పెరిగినా ఈ ప్రశ్నను దాటిపోయినవారు నాకు కనబడలేదు.

మన దేశానికి వచ్చినవాళ్లలో పాట్రిక్ గెడ్డెస్‌ను గురించి విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి. స్కాట్లండ్ మనిషి, చదివింది జీవశాస్త్రం. 1914లో నగరాల ప్రదర్శన పెట్టడానికి మద్రాసు వస్తుంటే, సామాను వేసిన ఓడను ‘ఎండెన్’ యుద్ధనౌక ముంచేసింది. (ఆ ఎండెనే మద్రాసు రేవు మీద గుండ్లు కురిపించింది.) మళ్లీ పటాలు కూడగట్టుకుని ఊరూరూ తిరిగాడు. చికిత్సకు ముందు రోగిని చూడాలన్నది ఆయన పట్టు. తంజావూరులోనూ ఇతర పట్టణాలలోనూ ఇంజనీర్లు గీసిన తిన్నటి రోడ్డు ఎన్ని ఇళ్లను పడగొడుతుందో లెక్కవేసి, రెండు పాడు గోడలు తీసి, ఖాళీ చోట చెట్టు నాటి, బావి బాగుచేస్తే చాలా తక్కువ ఖర్చుతో అదే గాలీ వెలుతురూ వస్తాయని చూపాడు. ‘పొదుపైన శస్త్రచికిత్స’ అనవచ్చు. ఉస్మానియా విశ్వవిద్యాలయ స్థలం విషయంలో నిజాం ప్రభుత్వం కూడా ఆయన సలహా తీసుకుంది. అయితే ఆ భూమి ఎవరిది, బాగుపడ్డాక పెరిగిన విలువ ఎవరి జేబులోకి పోతుంది అన్న ప్రశ్నను ఆయన గట్టిగా అడగలేదు. ఆయన పరిమితి అది.

ఆ ప్రశ్నను తరువాతివారు అడిగారు. 1964లో రూత్ గ్లాస్ అనే సామాజిక పరిశోధకురాలు లండన్‌లో కార్మికుల పేటలలోకి మధ్యతరగతివారు వచ్చి ఇళ్లు బాగుచేసుకోవడం, అద్దెలు పెరగడం, పాతవాళ్లు కనబడకుండా పోవడం గమనించి ‘జెంట్రిఫికేషన్’ అనే మాట పుట్టించింది. దొరబాబులు దిగడం అన్న ఎత్తిపొడుపు ఆ మాటలో వుంది. తెలుగులో దానికి మనమింకా మంచి మాట చేసుకోలేదు. భాష మీద బతికే మనకు అది కాస్త సిగ్గుచేటే. 1979లో నీల్ స్మిత్ దీని వెనక ఆర్థిక సూత్రాన్ని చెప్పాడు. ఒక స్థలం మీద ఇవాళ వస్తున్న కౌలు ఒకటి. అదే స్థలాన్ని ‘బాగా’ వాడితే రాగల కౌలు ఇంకొకటి. ఈ రెంటి మధ్య అగాధం పెరిగిన చోటికి పెట్టుబడి పరుగెత్తుకొస్తుంది. అందుకని పేట ఎంత పాడుబడితే మదుపుదారుకు అంత లాభసాటి. పైపులు వేయరు, చెత్త ఎత్తరు, ఆ తరువాత ‘చూడండి ఎంత మురికిగా వుందో’ అంటారు.

ఇక మన మూసీ. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరద హైదరాబాదులో వేలమందిని పొట్టన పెట్టుకుంది. మరుసటి ఏడు విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఎగువన 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి ఇరుకు పేటలను తొలగించింది, కొన్ని చోట్ల కొత్త ఇళ్లు కట్టింది. వంద సంవత్సరాల తరువాత, 2024లో, మూసీ పునరుజ్జీవనం పేరుతో 55 కిలోమీటర్ల పొడవున సర్వే జరిగింది. చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్ల మీద నదీగర్భమని సూచించే ఎర్ర అక్షరాలు పడ్డాయి. కొందరిని మలక్‌పేట పిల్లిగుడిసెల దగ్గరి రెండు పడకగదుల ఇళ్లకు పంపారు.

ఇక్కడ మన కథకులు తొందరపడుతున్నారని నా ఫిర్యాదు. నదికి దాని చోటు కావాలన్నది అబద్ధం కాదు. 2020 అక్టోబరులోనూ 2025 సెప్టెంబరులోనూ నీళ్లు ఏ గుమ్మాలలోకి వచ్చాయో అందరం చూశాం. ముసలమ్మను నదీగర్భంలోనే వుండనివ్వాలని రాస్తే, వచ్చే వరదకు మనమూ బాధ్యులమే. అడగవలసిన ప్రశ్నలు వేరే వున్నాయి. కొత్త ఇల్లు ఆమె పాచిపని చేసే ఇంటికి నడిచిపోయేంత దూరంలో వుందా? అద్దెకున్నవాడు జాబితాలోకి ఎక్కాడా, లేక ఇంటి యజమానితోనే లెక్క ముగిసిందా? ఆమె ఖాళీ చేసిన చోట నీళ్లు పారుతాయా, హోటలు లేస్తుందా? కథకు కావలసిన సంఘర్షణ ఈ మూడో ప్రశ్నలోనే ఎక్కువ వుంది.

ఈ ప్రశ్నలన్నీ పుస్తకాలు చదివి తెచ్చుకున్నవి కావు. మా ఊరు నేర్పింది. సికింద్రాబాదు నుంచి నిజామాబాదు పోయే రైలుమార్గంలో మేడ్చల్‌కు ముందు స్టేషను మాది. ఒకప్పుడు మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతమంటే ద్రాక్ష తోటలు. అనాబ్-ఎ-షాహీ గుత్తులు పందిళ్ల కింద వేలాడేవి. కోతలప్పుడు కూలీలకు చేతినిండా పని. నీళ్లు దిగిపోయాయి, భూమి ధర పైకి పోయింది. 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి వచ్చింది. 2023 ఏప్రిల్‌లో మేడ్చల్ దాకా ఎం.ఎం.టి.ఎస్. రైలు వచ్చింది. పందిరి రాళ్లు పీకిన చోట ప్లాట్ల హద్దురాళ్లు పాతారు.

2031 నాటికని వేసిన మహానగర ప్రణాళిక 2013లో ఖరారయింది. అలాంటి పటాలలో ప్రతి వాడకానికి ఒక రంగు వుంటుంది. నివాసానికి పసుపు, పరిశ్రమకు ఊదా, ఖాళీగా వుంచవలసిన చోటికి ఆకుపచ్చ. ఎన్నో ఏళ్లు తోట చేసిన కౌలుదారొకాయన ఒకనాడు స్టేషను దగ్గర నాతో అన్నాడు: “మేం జేసిన తోట పసుపు రంగుల వడ్డదంట సారూ. పసుపు మంచిదే గద!” పట్టాదారుకు మంచిదే అయింది. ఈయనకు ఆ పటంలో రంగు లేదు. 2013 నాటి భూసేకరణ చట్టం, మూడేళ్లుగా ఆ భూమి మీద బతికే కౌలుదారునూ కూలినీ కూడా నష్టపోయిన కుటుంబంగా లెక్కించమంటుంది. కానీ ఇక్కడ భూసేకరణ జరగలేదు, అమ్మకం జరిగింది. అమ్మకంలో కౌలుదారు ఊసు రాదు. మనిషి ఊరు వదలడానికి పొక్లెయిను అక్కరలేదని అప్పుడు అర్థమయింది నాకు.

నది ఒడ్డు నుంచి తరిమినవాడు ఊరి అంచుకు వస్తాడనీ, ఊరి అంచున వున్నవాడు ఇంకా అవతలికి జరుగుతాడనీ ఎంగెల్స్ చెప్పిన వరసే ఇది. రెంటినీ ఒకే కథలో పెట్టినవాళ్లు మనలో అరుదు. పటాన్ని చదవకుండా అది కుదరదు. ముసాయిదా ప్రణాళిక వెలువడినప్పుడు అభ్యంతరాలు చెప్పుకోవడానికి గడువు ఇస్తారు. ఆ ప్రకటనల తెలుగు ఒక్కసారి చదివి చూడండి. ‘భూ వినియోగ మార్పిడి’, ‘బఫర్ జోన్’, ‘సర్వే నంబరు’: క్రియకు కర్త లేని వాక్యాలు. చేసినవాడెవడో ఆ వాక్యంలో వుండడు. వాక్య నిర్మాణం చదువుకున్న విద్యార్థులకు దాన్ని పట్టుకోవడం కష్టం కాకూడదు.

మా కథకుడు మొన్న మళ్లీ వచ్చాడు, కథ తిరగరాసుకుని. కారు దిగని నాయకుణ్ని తీసేశాడు. ఎర్ర రంగు డబ్బా పట్టుకున్న కుర్రవాడు వచ్చాడు, రోజుకూలీ మీద. గుర్తు వేశాక ముసలమ్మనే మంచినీళ్లు అడుగుతాడు. ఆమె ఇస్తుంది. ఆ కుర్రవాడి ఇల్లెక్కడో మాత్రం కథలో ఇంకా రాలేదు. అది అడిగాను. రాసుకొస్తానని ఆరు గంటల రైలుకు వెళ్లిపోయాడు.