బూజు పట్టిన పల్లి, కాలేయంలో సిస్టీన్

యాసంగి పల్లి మార్కెట్‌కు వచ్చే రోజుల్లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ యార్డుల్లో కాయ ఒలిచి, గింజ చూసి ధర కడతారు. తాలు, తేమ అక్కడే బయటపడతాయి. అఫ్లాటాక్సిన్ మాత్రం ఏ కంటికీ ఆనదు. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు తయారుచేసే విషమిది.

1960లో ఇంగ్లండ్‌లో లక్ష దాకా టర్కీ కోళ్లు చచ్చిపోతే, దాణాలో కలిపిన బ్రెజిల్ పల్లిచెక్క మీదికి అనుమానం పోయింది. అలా ఈ విషం బయటపడింది. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా కాలేయం చెడి మరణించారు. ఆ గుట్టు విప్పిన వారిలో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలున్నారు.

చిత్రమేమిటంటే, ఈ విషానికి పదును పెట్టేది కాలేయమే. దాన్ని వదిలించుకోబోయి అక్కడి ఎంజైములు ఎపాక్సైడ్‌గా మారుస్తాయి. అది డీఎన్‌ఏకు అతుక్కుంటుంది. మరోపక్క పెరాక్సైడ్ల వంటి ఆక్సీకారకాలు పెరిగి కణాల పొరల్లోని కొవ్వును పాడుచేస్తాయి.

రెండింటికీ అడ్డుపడేది గ్లూటాథయోన్. గ్లుటామేట్, సిస్టీన్, గ్లైసిన్ అనే మూడు అమైనో ఆమ్లాలు కలిస్తే తయారవుతుంది. అసలు పని సిస్టీన్‌లోని గంధకానిది. ఎపాక్సైడ్‌ను పట్టుకుని బయటికి పంపడానికీ, హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను నీరుగా మార్చడానికీ అదే ఆధారం. మిగతా రెండూ కణంలో సరిపడా ఉంటాయి, కొరత వచ్చేది సిస్టీన్‌కే.

ఆ సిస్టీన్ అందించడానికే పారాసిటమాల్ మోతాదు మించినవారికి ఆసుపత్రిలో ఎన్-ఎసిటైల్ సిస్టీన్ ఇస్తారు. ఎనిమిది గంటల్లోపు మొదలుపెడితే కాలేయం దాదాపు ఎప్పుడూ దక్కుతుంది. అఫ్లాటాక్సిన్ విషయంలో కోళ్లపై చేసిన ప్రయోగాల్లో ఈ మందు నష్టాన్ని తగ్గించింది. మనుషుల్లో అంత గట్టి రుజువు లేదు. పైగా గ్లూటాథయోన్‌ను ఎపాక్సైడ్‌కు తగిలించే ఎంజైము చుండెలుకలో చాలా చురుకు, మనిషిలో మందం. చుండెలుక తట్టుకునే మోతాదును మనం తట్టుకోలేం.

పల్లిలో మాంసకృత్తులు నాలుగో వంతు దాకా ఉన్నా, గంధకమున్న అమైనో ఆమ్లాలు తక్కువ. ఆ లోటును గుడ్డు, పాలు, నువ్వులు పూడ్చగలవు. అయితే బూజు పట్టిన గింజకు అవి విరుగుడు కావు.

కాబట్టి జాగ్రత్త చేలోనే మొదలవ్వాలి. కోతకు ముందు నీరందక నేల వేడెక్కితే బూజు కాయలోకే దిగుతుంది. పీకిన కాయను తేమ 8 శాతానికి దిగేదాకా ఎండబెట్టాలి. ముడతపడ్డ, రంగు మారిన గింజలను ఏరిపారేయాలి, వేయించినా విషం పూర్తిగా పోదు. వాటిని గానుగకు పంపితే చెక్కలో మిగిలిన విషం దాన్ని తిన్న బర్రె పాలలోకి అఫ్లాటాక్సిన్ ఎం1గా చేరుతుంది.